రాచపుండు తెఱచు తూములు



మన సిద్దిపేట ప్రాంతమున చెఱువుకట్టను ఎఱుగనివారు లేరు. పట్టణములోని కోమటి చెఱువు మొదలు పల్లెపల్లెనుగల కుంటల వఱకు ఈ సీమ యంతయు కట్టలను నమ్ముకొని బ్రదికినది. కట్ట అనగా నీటిని ఆపు మట్టిగోడ మాత్రమే కాదు. దానికి తూము ఉండవలెను. తూము లేని చెఱువు క్రింద మడి పండదు. తూము మూయుట మఱచిన చెఱువు ఎండకాలము రాకముందే అడుగంటును. అందుచేతనే మన పూర్వులు తూమునొద్ద నీరటిని నియమించి, ఏ మడికి ఎంత నీరు పాఱవలెనో వాని చేతిలో పెట్టిరి. ఎవడైన రాత్రివేళ కట్టలో దొంగతూము పెట్టి తన మడికి నీరు మలపుకొన్నచో, కాలువ చివరనున్న పొలముల గతి ఏమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

రాచపుండును గూర్చి, అనగా క్యాన్సరును గూర్చి, నేను నేడు చెప్పబోవు మాటలన్నియు ఈ తూముల మాటలే. నేను వైద్యుడను గాను. ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించి విరమించినవాడను. ఈ వ్యాధిని గూర్చి చదువవలసిన పని నాకు మా యింటిలోనే కలిగినది. ఆ సంగతి ముందు వచ్చును.

మన శరీరము లెక్కకందని సూక్ష్మ కణములతో కూడియున్నది. ప్రతి కణమునకును చుట్టు ఒక పలుచని పొర కలదు. ఆ పొర కొవ్వుతో కట్టిన కట్ట వంటిది. నువ్వులనూనెలో బెల్లము వేసి చూడుడు; కరగదు. అదేవిధముగా మనము తిన్న అన్నమునుండి వచ్చిన చక్కెరయు, పప్పునుండి వచ్చిన అమినో ఆమ్లములును రక్తములో కరగి కణము వాకిటికి వచ్చినను, ఆ కొవ్వుపొరను తమంత తాము దాటజాలవు. వానిని లోనికి కొనిపోవుటకు పొరలో అక్కడక్కడ మాంసకృత్తులతో చేయబడిన ద్వారములున్నవి. శాస్త్రజ్ఞులు వీనిని వాహకములందురు. నేను తూములనియే అందును. మనుష్య శరీరములో ఇట్టి తూములు 400కు పైగా రకములున్నట్లు తెలిసినది. చక్కెరకు వేఱు, అమినో ఆమ్లములకు వేఱు, అయొడినునకు వేఱు, ఆకుకూరలలోని ఫోలేటు అను జీవసత్త్వమునకు వేఱు. ఒకదాని ద్వారమున మఱియొకటి సామాన్యముగా పోలేదు.

ఈ తూములకు నీరటి యున్నాడా యని మీరడుగవచ్చును. ఉన్నాడు. మధుమేహము గలవారికి ఇన్సులిను మాట తెలియును గదా. భోజనమైన తరువాత ఇన్సులిను రక్తములోనికి వచ్చి కండలలోని కణములకు కబురు చెప్పును. కణము లోపల దాచియున్న చక్కెర తూములు అప్పుడు పైపొరకు వచ్చి తెఱచుకొనును. కబురు ఆగినచో మరల లోనికి పోవును. ఆరోగ్యవంతమైన కణము తనకిష్టమైనంత తినదు, చెప్పినంత తినును. తక్కిన శరీరముతో పొత్తుగా బ్రదుకుటకు అదియే కట్టుబాటు.

రాచపుండు కణము ఈ కట్టుబాటును మీఱినది. నీరటి కబురు లేకయే అది తన పొరనిండ తూములు పెట్టుకొనును. 1920ల కాలమున జర్మనీదేశములో ఆటో వార్బుర్గ్ అను శాస్త్రజ్ఞుడు కంతులనుండి తీసిన ముక్కలను పరీక్షించి, అవి చక్కెరను విపరీతముగా పీల్చుకొనుచున్నవని కనుగొనెను. ఇంకొక వింత కూడ ఆయన చూచెను. ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పటికిని ఆ ముక్కలు చక్కెరను పూర్తిగా దహింపక, సగములో విడిచి, లాక్టిక్ ఆమ్లముగా బయటికి నెట్టుచుండెను. పూర్తిగా దహించిన ఒక చక్కెర అణువు కణమునకు సుమారు 30 పాళ్లు శక్తి నిచ్చును; సగములో విడిచినది 2 పాళ్లే యిచ్చును. ఇంత దుబారా ఎందులకు? తరువాతి పరిశోధకులు దీనికి చెప్పిన సమాధానములలో నాకు నచ్చినది ఇది. పెరుగుచున్న కణమునకు వంటచెఱకు ఒక్కటియే చాలదు. క్రొత్త కణమును కట్టుటకు ఇటుకలు, దూలములు కావలెను. సగము విఱిచిన చక్కెర ముక్కలు ఆ యిటుకల తయారీకి పనికివచ్చును. ఇల్లు కట్టువాడు కట్టెలన్నియు పొయ్యిలో పెట్టడు గదా.

చక్కెర తూములలో మొదటిదాని నిర్మాణము 1985లో తెలియవచ్చినది. దానికి గ్లూట్ 1 అని పేరు. మన ఎఱ్ఱరక్త కణములలోను, మెదడునకు పోవు సన్నని రక్తనాళముల గోడలలోను అది సహజముగా మెండుగా నుండును. పెక్కు రాచపుండ్లలోను అది ఎక్కువగా కనబడును. కంతి పెరిగినకొలది దాని నడిబొడ్డున ప్రాణవాయువు కఱవగును. అట్టి కఱవును పసికట్టి కణము తన తూముల సంఖ్యను పెంచుకొను ఉపాయము ఒకటి ప్రకృతిలో నున్నది. ప్రాణవాయువు కొఱతను కణము తెలిసికొను తీరును వివరించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమానము లభించినది. ఆ ఉపాయము మన మేలునకే ఏర్పడినది. ఎత్తైన కొండలమీద మనలను బ్రదికించునది అదే. దానినే కంతి తన పనికి వాడుకొనుచున్నది.

చక్కెరతో దాని ఆకలి తీఱదు. గ్లూటమిను అను అమినో ఆమ్లమునకు వేఱు తూము, ల్యూసిను మొదలైన వానికి వేఱు తూము పెంచుకొనును. లోన పేరుకొన్న లాక్టిక్ ఆమ్లమును బయటికి పంపుటకు కూడ ద్వారము కావలెను. మన భాషలో చెప్పవలెనన్న అది కంతికి మత్తడి వంటిది. ఆ ఆమ్లము బయట చేరి చుట్టుపట్లనున్న మంచి నేలను పులియజేయును. పులిసిన నేలలో, రాచపుండుతో పోరాడవలసిన తెల్లకణములు సరిగా పనిచేయలేవు. కంతి మాత్రము ఆ పులుపునకు అలవాటుపడి ప్రక్క ధాతువులలోనికి చొచ్చుకొనిపోవును. దొంగతూము పెట్టినవాడు తన మడి పండించుకొనుటయే కాక, పొరుగువాని మడిలోనికి చౌడు మలపినట్లున్నది ఈ పని.

ఇంతవఱకు విన్నవారికి ఒక ఆలోచన తప్పక తోచును. కంతి చక్కెర తిని పెరుగుచున్నది కదా, చక్కెర మానినచో, అన్నము మానినచో, అది ఆకలితో చచ్చును గదా, అని. ఈ ఆలోచనయే మా యింటిని ముంచబోయినది.

మా చిన్నాయన చుట్టలు కాల్చినవాడు. ఆయనకు దవడ లోపల పుండు లేచి మానలేదు. పరీక్షలో రాచపుండని తేలినది. వైద్యులు కిరణముల చికిత్సకు తేదీ నిర్ణయించి పంపిరి. ఆ నడుమ ఎవరో హితవు గోరినవారే వచ్చి, అన్నము, పాలు, బెల్లము, పండ్లు అన్నియు మానివేయుమనియు, పుండును పస్తుపెట్టిన అదే ఎండిపోవుననియు చెప్పిరి. చిన్నాయన పట్టుదల గల మనిషి. ఆకురసము, నీళ్లు త్రాగి మూడు వారములు గడపెను. నేను శాస్త్రము బోధించినవాడనై యుండియు ఆ మాటను ఖండింపలేదు. నిజము చెప్పవలెనన్న నాకును అది సబబుగానే తోచెను. చికిత్స నాటికి ఆయన చేతికఱ్ఱ పట్టుకొని కూడ నడువలేని స్థితికి వచ్చెను. వైద్యులు తూచి చూచి, ఈ బరువుతో చికిత్సకు తట్టుకొనలేడని వెనుకకు పంపిరి. పుండు మాత్రము ఎండలేదు, పెరిగినది.

ఎందుకట్లు జరిగెనో తరువాత చదివి తెలిసికొంటిని. మనము తినకపోయినను శరీరము రక్తములోని చక్కెరను పడిపోనీయదు. మెదడునకు దినమునకు సుమారు 120 గ్రాముల చక్కెర కావలెను. అది ఆగినచో మనిషి స్పృహ తప్పును. కావున తొలుత కాలేయములో దాచిన నిలువను తీయును. అది ఒక దినముకంటె ఎక్కువ రాదు. తరువాత కండలను కరగించి, ఆ అమినో ఆమ్లములనుండి కాలేయము క్రొత్త చక్కెరను తయారుచేయును. అనగా పస్తున్నవాడు తన కండను తానే వండి రక్తములో పోయుచున్నాడు. ఆ రక్తము కంతి వాకిటికిని వచ్చును. అక్కడ తూములు అందఱికంటె ఎక్కువగా తెఱచియున్నవి. కఱవు సంవత్సరమున చెఱువులో మోకాలిలోతు నీరున్నప్పుడు ముందు ఎండునది ఎవరి మడి? దొంగతూము గలవానిది కాదు, కాలువ చివరివానిది. శరీరములో ఆ చివరి మడులు కండలు, చర్మము, రోగమును ఎదిర్చు తెల్లకణములు.

ఆహారములోని మార్పుతో చికిత్సకు సహాయము చేయవచ్చునా యని పెద్ద పెద్ద వైద్యశాలలలో పరిశోధనలు జరుగుచున్నవి, జరుగనిండు. అవి వైద్యుల కనుసన్నలలో, రోగి బరువు తూచుచు జరుగునవి. మధుమేహము గల రోగి చక్కెరను అదుపులో నుంచుకొనవలసినదే. అది వేఱు మాట. చిక్కిపోవుచున్న రోగిని పస్తుపెట్టుట వేఱు. రాచపుండు రోగికి వైద్యులు సామాన్యముగా చెప్పు లెక్క, బరువులో కిలో ఒక్కంటికి దినమునకు 1 గ్రామునకు తగ్గకుండ, వీలైనచో 1.5 గ్రాముల వఱకు మాంసకృత్తులు. 50 కిలోల మనిషికి అది 50 మొదలు 75 గ్రాములు. పప్పు, గ్రుడ్డు, పెరుగు, పాలు, తినువారికి చేప. నమలలేనివానికి మెత్తని గట్క, పప్పుకట్టు, అంబలి. మూత్రపిండముల జబ్బున్నవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను.

తూములను పస్తుపెట్టి గెలువలేము. మఱి ఆ తూముల వలన మనకు లాభమే లేదా? ఉన్నది. ఆ లాభమును లోకమునకు మొట్టమొదట చూపినవారిలో ఒక తెలుగువాడున్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. బీద కుటుంబము. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని దాటలేదట. పరీక్ష తప్పిన మన పిల్లలను తిట్టునప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. మద్రాసులో వైద్యము చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించిరి. ఆ రోజులలో స్ప్రూ అను వ్యాధి యుండెను. ప్రేవులు ఆహారమును పీల్చుకొనలేక, విరేచనములతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోవును. సుబ్బారావుగారు దానివలన తోడబుట్టినవారిని పోగొట్టుకొనిరనియు, తామును దానివాత పడి బయటపడిరనియు ఆయన చరిత్రమున చెప్పుదురు. ఆలోచించి చూడగా అదియు తూముల వ్యాధియే; కడుపునిండ తిన్నను లోనికి పోనిది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయమును, మామగారి సహాయమును పొంది ఆయన అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. తొలినాళ్లలో ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. 1925లో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. అది నేటికిని వారిద్దఱి పేరున చెలామణిలో నున్నది. ఇందాక 30 పాళ్లు, 2 పాళ్లు అని శక్తిని లెక్కించితిని గదా. ఆ లెక్కకు నాణెము వంటి ఏటీపీ అను పదార్థమును 1929లో కనుగొన్నవారిలోను ఈయన యున్నారు.

1940లో ఆయన లెడర్లే పరిశోధనాలయమునకు మాఱిరి. అక్కడ చేపట్టిన పనులలో ఫోలిక్ ఆమ్లము ఒకటి. దాని కథకు మొదలు మన దేశముననే యున్నది. ఇంగ్లండునుండి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు 1928 మొదలు బొంబాయిలో బట్టల మిల్లులలో పనిచేయు బీద గర్భిణులకు కలుగు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు రసముతో అది కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. ఆమె కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో కూడ పనిచేసెను. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఆ ఈస్టు రసములోని గుణమే ఫోలేటు అని పిమ్మట తేలినది. 1941లో అమెరికాలో దానిని పాలకూర జాతి ఆకునుండి వేఱుచేసి, లాటినులో ఆకునకు గల పేరునుబట్టి నామకరణము చేసిరి. సుబ్బారావుగారి బృందము దాని నిర్మాణమును తేల్చి, 1940ల నడుమ ప్రయోగశాలలో తయారుచేసినది.

క్రొత్త కణము పుట్టవలెనన్న ఫోలేటు తప్పదు. ఎముకలలోని మూలుగ రాత్రింబవళ్లు రక్తకణములను పుట్టించుచుండును గనుక దానికి ఫోలేటు ఎక్కువగా కావలెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పిల్లలకు వచ్చు ల్యుకేమియాను, అనగా మూలుగలోని తెల్లకణముల రాచపుండును చూచుచుండెను. అప్పటికి ఆ వ్యాధికి మందు లేదు. పిల్లలు కొన్ని వారములలోనో కొన్ని నెలలలోనో పోవుచుండిరి. సుబ్బారావుగారు పంపిన ఫోలేటు పదార్థములను అట్టి పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మాఱు ముదిరినట్లు కనబడెను. ఎంత దుఃఖకరమైన ఫలితము! కాని ఆ దుఃఖములోనే ఒక దారి కనబడినది. ఫోలేటు రాచపుండునకు ఎరువైనచో, ఫోలేటు వేషము వేసికొన్న నకిలీ పదార్థము దానికి విషమగును గదా. సుబ్బారావుగారి ప్రయోగశాలలో అట్టి నకిలీలు అప్పటికే తయారగుచుండెను. ఫోలిక్ ఆమ్లములో ఒక మూలనున్న చిన్న భాగమును మార్చి చేసిన దానికి అమినోప్టెరిన్ అని పేరు. 1947 చివర ఫార్బరు దానిని పిల్లలకు ఇచ్చుట మొదలుపెట్టెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినదని వ్రాసెను. అది తాత్కాలికమే; ఆ పిల్లలకు వ్యాధి తిరుగబెట్టినది. అయినను ల్యుకేమియాను మందుతో వెనుకకు నెట్టవచ్చునని తెలిసినది. ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కు ప్రాంతమున కన్నుమూసిరి. వయస్సు 53 ఏండ్లు.

అమినోప్టెరినునకు తమ్ముడైన మెథోట్రెక్సేటు ఇప్పటికిని పనిచేయుచున్నది. 1956 నాటికి అమెరికాలో లీ, హెర్ట్జు అను వైద్యులు గర్భసంచిలో మావినుండి పుట్టు ఒక రాచపుండును ఈ మందుతో మానిపిరి. పిల్లలకు ఎక్కువగా వచ్చు ల్యుకేమియాలో మెథోట్రెక్సేటును మఱికొన్ని మందులతో కలిపి క్రమముగా ఇచ్చినచో, సంపన్న దేశములలో నూటికి సుమారు 90 మంది బ్రదుకుచున్నారు.

ఈ నకిలీ ఫోలేటు కణములోనికి ఎట్లు పోవును? అసలు ఫోలేటు పోవు తూమునుండియే. ఆ కాలమున ఈ తూమును ఎవరును చూడలేదు. దాని నిర్మాణము 1990ల నడుమ గాని తెలియలేదు. ఆకలిగొన్న రాచపుండు కణము ఎంత ఆత్రముగా తూము తెఱచి ఫోలేటును పీల్చునో, అంత ఆత్రముగా తన విషమును తానే పీల్చుకొనును. దొంగతూము పెట్టినవాని మడిలోనికి ఆ తూముద్వారముననే ఉప్పునీరు వదలినట్లు.

అయితే శత్రువు తెలివితక్కువవాడు కాదు. మందు తగిలిన కణములలో కొన్ని ఆ తూమును మూసికొనును, లేక దానిని వంకరగా తయారుచేయును. అట్టి కణములు మాత్రమే బ్రదికి, తమ సంతతిని పెంచును. తొలుత పనిచేసిన మందు తరువాత పనిచేయకపోవుటకు ఇది ఒక కారణము. ఎముకల రాచపుండులో ఆ తూము మొదటినుండియే తక్కువగా నుండుటయు కలదు. అప్పుడు వైద్యులు మందును మిక్కిలి ఎక్కువ మోతాదున ఇచ్చి, అది తూముతో పనిలేకయే చొరబడునట్లు చేసి, ఒక దినము గడచిన తరువాత మంచి కణములను కాపాడుటకు ల్యూకోవొరిన్ అను విఱుగుడు ఫోలేటును గడియారము చూచి ఇత్తురు. ఇది ఆసుపత్రిలో, రక్తమును కొలుచుచు చేయవలసిన పని. చికిత్సలో నున్న పిల్లవానికి బలమునకని అంగడినుండి ఫోలిక్ ఆమ్లపు మాత్రలు కొని తెచ్చిన తాతలను ఎఱుగుదును. బలము ఎవరికి చేరునో ఇప్పుడు మీరే చెప్పగలరు. వైద్యుడు వ్రాసినప్పుడు వేయవలెను, వ్రాయనప్పుడు మానవలెను.

ఒక మాట ప్రక్కకు పోయి చెప్పెదను. ఇదే మెథోట్రెక్సేటు చిన్న మోతాదున కీళ్లవాతమునకు కూడ ఇత్తురు. మీ యింటిలో ఎవరైన వాడుచుండవచ్చును. అది వారమునకు ఒక్కమాఱు వేయు మాత్ర. దినమునకొకటి యని పొరబడి మ్రింగి ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు లోకమున పలువురు కలరు. మాత్రల పెట్టెమీద ఏ వారము పేరు వ్రాయబడినదో, చదువు వచ్చిన మనుమరాలిచేత పెద్దగా చదివించుడు.

తూములను పట్టుకొని కంతిని చూచుట కూడ నేర్చిరి. హైదరాబాదులో పెట్ స్కాను తీయించినవారు మీలో నుండవచ్చును. అక్కడ సూదితో ఎక్కించునది చక్కెర వేషము వేసికొన్న, స్వల్పముగా కిరణములు వెదజల్లు పదార్థము. దీనిని మనుష్యులకు తొలుత 1976లో అమెరికాలో ఇచ్చిరి. అది చక్కెర తూమునుండి లోనికి పోవును గాని, అసలు చక్కెరవలె ముందుకు సాగలేక కణములో చిక్కుకొనును. తూములు ఎక్కువయున్న చోట పటములో వెలుగు కనబడును. దాని కిరణశక్తి రెండు గంటలకు లోపలనే సగమగును గనుక భయపడనక్కఱలేదు. పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమియు తినరాదనుటకు కారణమును ఇదే. ఇన్సులిను వచ్చి కండల తూములను తెఱచినచో పటమంతయు వెలిగి కంతి కనబడదు. ఈ పస్తు పటము కొఱకు, వైద్యము కొఱకు కాదు. ఇంకొకటి: పటములో మెదడు వెలుగును, మూత్రాశయము వెలుగును. అవి చూచి ఇంటిలో ఏడ్పులు మొదలుపెట్టవలదు. మెదడు ఎల్లప్పుడును చక్కెర తినునదియే. సూదిమందు పోవు దారి మూత్రమే.

గొంతు ముందునుండు థైరాయిడు గ్రంథికి అయొడినును పీల్చు తూము ప్రత్యేకముగా కలదు. ఆ గ్రంథి రాచపుండులో, కిరణములుగల అయొడినును 1940లనుండియు మందుగా ఇచ్చుచున్నారు. రోగి మ్రింగిన అయొడిను తిన్నగా ఆ కణములలోనికే పోయి, అవి ఎముకలకో ఊపిరితిత్తులకో వ్యాపించియున్నను అక్కడనే వానిని కాల్చును. పుండు ముదిరి తన పుట్టుక స్వభావమును మఱచినచో ఈ తూమును పోగొట్టుకొనును. అప్పుడీ మందు పాఱదు. చూచితిరా, ముదురుటయనగా తూములు పెరుగుటయే కాదు, తూములు మాఱుట. చక్కెర తూము పెరిగి అయొడిను తూము పోయినచో వైద్యుడు ముఖము చిట్లించును. జపానులో 2020లో అనుమతి పొందిన మఱియొక చికిత్సలో, బోరను అంటించిన అమినో ఆమ్లమును దాని తూముద్వారమున కణములోనికి పంపి, బయటనుండి న్యూట్రానులను ప్రసరింపజేసి ఆ కణమును మాత్రమే చీల్చుచున్నారు. తల, మెడ భాగములలో తిరుగబెట్టిన పుండ్లకు అది అక్కడ వాడుకలో నున్నది.

తూములను ఒక్కసారిగా మూసివేయు మందేల చేయరాదు? మధుమేహమునకు అట్టి మందులున్నవి. మూత్రపిండములో చక్కెరను రక్తమునకు తిరిగి చేర్చు తూము ఒకటి యున్నది. దానిని మూయు మాత్రలు వేసికొన్నచో మిగులు చక్కెర మూత్రములో పోవును. మన పట్టణములో ఎందఱో ఇవి వాడుచున్నారు. ఆ తూము ముఖ్యముగా మూత్రపిండములోనిది గనుక అది సాధ్యమైనది. కంతి వాడుకొను గ్లూట్ 1 అట్లు కాదు. దానిని మూసినచో మెదడు ద్వారము కూడ మూయబడును. దొంగవాని తూమును ఊరి తూమునుండి వేఱుచేయుటయే చిక్కు. పరిశోధకులు అమినో ఆమ్లపు తూములను, లాక్టిక్ ఆమ్లపు మత్తడిని మూయు పదార్థములను పరీక్షించుచున్నారు. నిత్యవాడుకకు ఇంకను రాలేదు. ఎవడైన రాచపుండు ఆకలిని చంపు చూర్ణము నావద్ద నున్నదని మీ ఊరికి వచ్చినచో, వానిని ఏ తూమును మూయుచున్నావని అడుగుడు.

మానని నోటిపుండు మూడు వారములు దాటినను, రొమ్ములో గడ్డ తగిలినను, ముట్లుడిగిన స్త్రీకి రక్తము కనబడినను, పిల్లవాడు పాలిపోయి, జ్వరముతో, చర్మముమీద కారణము లేని నల్లమచ్చలతో నున్నను ఆలసింపరాదు. సిద్దిపేటలో 2018 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల యున్నది. తొలి పరీక్ష అక్కడనే చేయించుకొనవచ్చును. హైదరాబాదు రెడ్ హిల్సులో, 1955లో స్థాపితమైన మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిటి ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి యున్నది. బీదవారికి ఆరోగ్యశ్రీ యున్నది. కార్డు వెంట తీసికొనిపోవుట మఱవవలదు. 2023 అక్టోబరునుండి మన పట్టణమునుండి సికింద్రాబాదునకు రైలు కూడ నడచుచున్నది.

మా చిన్నాయన సంగతి సగములో విడిచితిని. వెనుకకు వచ్చిన తరువాత మా చిన్నమ్మ ఎవరి మాటయు వినక, పూటపూటకు మెత్తని గట్కలో పెరుగు కలిపి, పప్పు చిలికి, గ్రుడ్డు ఉడికించి నలిపి తినిపించెను. నొప్పికి మందు వేసి అరగంట ఆగి తినిపించవలెనని ఆసుపత్రిలో నర్సు చెప్పిన కిటుకు బాగుగా పనిచేసినది. నాలుగు వారములకు బరువు కొంత కోలుకొనెను, చికిత్స మొదలైనది. నోరు పూసి, రుచి పోయి, నెలన్నర నరకము చూచినాడు. పూర్తియైన తరువాత పుండు మానినది. నోటికి రుచి తిరిగివచ్చిన దినమున ఆయన అడిగినది బెల్లపు పరమాన్నము. చిన్నమ్మ నావైపు చూచినది. నేను వండుమంటిని.